చెప్పనక్కర్లేని షరతు

సోమవారం ఉదయం ఏడు గంటలకి హౌబ్యాంక్ గొర్రెలు కొండ దిగి మళ్ళీ రోడ్డెక్కాయి. పాలలారీ డ్రైవరు మలుపు దగ్గర లారీ ఆపి హేజల్ ఫియరన్‌కి ఫోను చేశాడు. సగం గొర్రెలు తారురోడ్డు మీద పడుకుని నెమరేస్తున్నాయి. మిగిలిన సగం పబ్ ముందు పూలకుండీలు ఖాళీ చేస్తున్నాయి.

"హేజల్, నీ పిల్లలు బడికి బయల్దేరారు. బస్సు కోసం చూస్తున్నట్టున్నారు" అన్నాడు.

"వస్తున్నా. హారన్ మాత్రం కొట్టకు. కొట్టావంటే చర్చిలోకి పోతాయి."

"పోనీలే. ఆదివారం కూడా ఎవరూ రావట్లేదని పాదిరీగారు తెగ బాధపడుతున్నారు."

హేజల్ బూట్లు వేసుకుని కుక్కని పిలిచింది. కుక్క పేరు ఫ్లై. రోడ్డు దగ్గరికొచ్చాక దాన్ని గొర్రెల మీదికి సూటిగా పంపలేదు. చర్చి గోడ చుట్టూ తిప్పి పంపింది. ఫ్లై గోడ చివర కనిపించగానే గొర్రెలు ఒక్కొక్కటే లేచాయి. వాటి ఎడమ భుజం మీద హౌబ్యాంక్ ఎర్ర గుర్తు ఉంది. ఎరుపు కింద వేరే చోటి పాత నీలి గుర్తు ఇంకా పూర్తిగా పోలేదు.

కొండకి వెళ్ళే గేటు దగ్గర ఆమె భర్త డంకన్ కాపలా నిలబడ్డాడు. అతను రాతిగనిలో పనికి వెళ్ళాల్సిన వేళ అది. గొర్రెలు గేటు దాటాయి, పది బారలు నడిచాయి, ఆగి వెనక్కి తిరిగి గేటు వైపే చూస్తూ నిలబడ్డాయి.

"చూశావా, పెళ్ళివారింట్లో పరిచయం లేని చుట్టాల్లాగా ఎలా నిలబడ్డాయో" అన్నాడు డంకన్.

గేటు అవతల ఇక కంచెలు లేవు. అక్కడి నుంచి శిఖరం దాకా, శిఖరం దాటి ఇంకో రెండు లోయల దాకా, కొండంతా ఒకటే. దానిమీద మేపే హక్కు హౌబ్యాంక్‌తో కలిపి ఐదు వ్యవసాయ ఇళ్ళకి ఉంది. ఏ ఇంటి గొర్రెలు ఆ ఇంటి చోటునే మేస్తాయి. తల్లి మేసిన చోటు పిల్లకి తెలుస్తుంది, ఆ పిల్ల పెద్దదై తన పిల్లకి చూపిస్తుంది. ఆ చోటుని నెలవు అంటారు. నెలవు తెలిసిన గొర్రెకి కాపరి అక్కర్లేదు. తెలియని గొర్రెకి కాపరి ఉన్నా లాభం లేదు.

"టామ్ బెల్ మళ్ళీ వచ్చాడా?" అడిగింది హేజల్. టామ్ బెల్‌ది పక్క లోయ. అతనికీ కొండమీద హక్కుంది.

"నిన్న సాయంత్రం వచ్చాడు. మన గొర్రెలు తన నెలవులో దూరి, తనవాటిని తరిమేస్తున్నాయట. పొట్టేళ్ళని మందలోకి వదిలేలోపు తేల్చుకోమన్నాడు. మర్యాదగానే అన్నాడు. టీ కూడా తాగాడు."

పొట్టేళ్ళని వదలడానికి ఇంకా రెండు వారాలుంది. నెలవు తెలియని తల్లులకి పిల్లలు పుడితే వాటికీ నెలవు తెలియదు. అప్పుడు హేజల్ కొండ హక్కు వదులుకోవాలి. కొండ లేకపోతే హౌబ్యాంక్‌లో మిగిలేది ఇల్లు, కొట్టం, నాలుగు తడి పొలాలు. వాటితో బతకలేరు.

"రేపు కోర్టులో ఓడిపోతే?" అన్నాడు డంకన్.

"ఓడిపోతే ఇల్లు అమ్మకానికి పెడదాం. కొనేవాడికి గొర్రెలతో సహా అని రాసిద్దాం."

డంకన్ నవ్వాడు. హేజల్ నవ్వలేదు, కానీ గేటు గొళ్ళెం వేస్తూ, "వెళ్ళు, నీకు ఆలస్యమవుతోంది" అంది.

మంగళవారం కార్లైల్ కోర్టులో, నడవలో ఉన్న టీ యంత్రం పక్కన, హేజల్ లాయరు జూడిత్ కార్ ఆమె చేతికి కాగితం కప్పు ఇచ్చింది. జూడిత్ కోటు మీద కుక్క వెంట్రుకలున్నాయి. హేజల్‌కి ఆమె నచ్చిన కారణాల్లో అదొకటి.

"ఇంకోసారి చెప్తా వినండి. న్యాయంగా ఉందనో, ఉంటే బాగుండేదనో జడ్జి మీ ఒప్పందంలో ఒక్క ముక్క కూడా కలపరు. మీకు బుద్ధి లేక రాసుకోకపోతే అది మీ ఖర్మ అంటారు. రాయని షరతు ఉందనాలంటే రెండే దారులు. అది లేకపోతే ఈ బేరం బేరంగా నడవకూడదు. లేదా, ఎవరైనా అడిగితే ఇద్దరూ ఒక్కసారే 'అది వేరే చెప్పాలా' అనేంత తేటతెల్లంగా ఉండాలి."

"అంత తేటతెల్లమైతే కోర్టు దాకా ఎందుకొచ్చాం?"

"మిమ్మల్ని పెంబర్టన్ అడగబోయేది అదే."

పెంబర్టన్ అవతలి పక్షం లాయరు. అతను కిటికీ దగ్గర నిలబడి కాగితాలు తిరగేస్తున్నాడు. అతని పక్కన బల్లమీద విల్ఫ్ రిగ్ కూర్చుని ఉన్నాడు. హౌబ్యాంక్ అమ్మిందీ, పాత మందని తీసుకెళ్ళి బదులుగా వేరే గొర్రెలిచ్చిందీ అతనే. ఆదివారపు కోటు వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. అతని పక్కన అల్లుడు ఫోను చూసుకుంటున్నాడు. హేజల్ వైపు విల్ఫ్ తల ఊపాడు. హేజల్ కూడా ఊపింది. మార్చిలో ఒప్పందం మీద సంతకాలయ్యాక ఇద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి.

కోర్టు గది బడి గదిలా ఉంది. జడ్జి అరవై ఏళ్ళ ఆవిడ. ముందు ఒప్పందం చదివించింది. ఇల్లు, పొలాలు, కొండ హక్కు, నూట ఎనభై హెర్డ్‌విక్ జాతి ఆడగొర్రెలు. పళ్ళు బాగుండాలి, పొదుగులు బాగుండాలి. చివరి వాక్యం: ఇరువురి మధ్య ఒప్పందం అంతా ఈ కాగితంలోనే ఉంది.

పెంబర్టన్ హేజల్‌ని ప్రశ్నించాడు.

"మీకు అందిన గొర్రెలు నూట ఎనభై?"

"అవును."

"హెర్డ్‌విక్ గొర్రెలే?"

"అవును."

"పళ్ళు, పొదుగులు?"

"బాగున్నాయి. మంచి గొర్రెలు. వాటి తప్పేం లేదు."

"మీ నాన్నగారు గొర్రెల కాపరి. మీ తాతగారూ అంతే. ఈ కొండకి అలవాటైన గొర్రెలే కావాలన్నది మీకంత ముఖ్యమైతే, ఒక్క ముక్క రాయించుకోవచ్చు కదా?"

"రాయించుకోవచ్చు."

"ఎందుకు రాయించుకోలేదు?"

"మీరు ఇల్లు కొన్నప్పుడు పైకప్పుతో సహా అని రాయించుకున్నారా?"

"ప్రశ్నలు నేనడుగుతానండి."

"సరే. ఆయన వంటింట్లో, ఆయన బల్ల దగ్గర, ఆయన పోసిన టీ తాగుతూ కూర్చున్నాను. ఆ గొర్రెలే ఇస్తానని రాసివ్వమని అడిగితే, నువ్వు దొంగవి అన్నట్టు ఉంటుంది. మా దగ్గర అలా అడగరు."

జడ్జి ఏదో రాసుకుంది. పెంబర్టన్ తన వాదన చెప్పాడు. అతను గొంతు పెంచలేదు. రాయని షరతు రాసినదానికి ఎదురు తిరగకూడదన్నాడు. పళ్ళు బాగుండాలని రాసి ఉంది. పాత మందలో పళ్ళూడిన గొర్రెలున్నాయి. కాగితం మాట నిలబెట్టడానికే రిగ్‌గారు కొత్త మందని కొనిచ్చారు. పైగా, ఒప్పందం అంతా కాగితంలోనే ఉందని ఇద్దరూ సంతకం చేశారు.

"ఆ చివరి వాక్యం బయట అనుకున్న మాటల్ని బయటే ఉంచుతుంది, మిస్టర్ పెంబర్టన్. లోపలే ఉండి పైకి చెప్పని మాటని గెంటేయలేదు. అలాంటి మాట ఉందా లేదా అన్నదే కదా ఇవాళ్టి పని" అంది జడ్జి.

హేజల్‌కి అది తన వైపు మాటో కాదో తెలియలేదు. జూడిత్ వైపు చూసింది. జూడిత్ కలం తిప్పుతోంది.

తరవాత విల్ఫ్ సాక్షి బోనెక్కాడు. ప్రమాణం చేసేటప్పుడు కార్డు దూరంగా పట్టుకుని చదివాడు. పెంబర్టన్ అడిగినవాటికి అవుననో కాదనో చెప్పాడు. జూడిత్ లేచింది.

"హౌబ్యాంక్ పాత మంద ఇప్పుడెక్కడుందండీ?"

"మా అల్లుడి పొలంలో. విగ్టన్ దగ్గర."

"ఎందుకు తీసుకెళ్ళారు?"

"పళ్ళు. కాగితంలో ఉంది కదా."

"ఎన్నిటికి పళ్ళు పోయాయి?"

విల్ఫ్ అల్లుడి వైపు చూడలేదు. "ఓ డజను దాకా."

"మిగతావాటికి?"

"బాగానే ఉన్నాయి."

"మరి వాటినెందుకు తీసుకెళ్ళారు?"

విల్ఫ్ టోపీని అంచు పట్టుకుని చుట్టూ తిప్పాడు. సగం దాకా తిప్పి ఆపాడు.

"అవి వాటి కూతుళ్ళు" అన్నాడు.

గదిలో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"మిస్టర్ రిగ్, నేనొకటి అడుగుతాను. మీ వంటింట్లో మీరిద్దరూ సంతకం పెట్టబోతున్నారు. అప్పుడే ఉత్తరాలిచ్చే ఆవిడ లోపలికొచ్చి, 'విల్ఫ్, ఇచ్చే గొర్రెలు ఈ కొండవే అయ్యుండాలా?' అని అడిగింది అనుకోండి."

పెంబర్టన్ లేచాడు. "క్షమించాలి. ఈ మనిషి ఏమనేవాడన్నది చట్టానికి అక్కర్లేదు. ఆయన స్థానంలో సబబైన మనిషి ఏమంటాడన్నదే కావాలి."

"నాకు తెలుసు. ఈయన సబబైన మనిషో కాదో విన్నాక తేలుస్తాను. చెప్పండి మిస్టర్ రిగ్."

"ఆవిడ అలా అడగదండి."

"ఎందుకని?"

"ఆవిడది మా లోయే. వాళ్ళ నాన్నకి గొర్రెలుండేవి."

"సరే, ఆవిడొద్దు. మాంచెస్టర్ నుంచి ఎవరో వచ్చారు. దారి తప్పారు. మీ ఇంట్లోకొచ్చి అడిగారు."

విల్ఫ్ ఆలోచించాడు. పెంబర్టన్ కాగితాల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. హేజల్ బల్ల కింద తన వేళ్ళు తనే పట్టుకుంది. కాదనడానికి విల్ఫ్‌కి ఒక్క మాట చాలు. 'ఏమో, గుర్తులేదు' అన్నా చాలు.

"పాపం కదా, మాంచెస్టర్ మనిషి. కూర్చోబెట్టి టీ ఇచ్చేవాణ్ణి" అన్నాడు విల్ఫ్. "పిచ్చి ప్రశ్నలు వెయ్యకురా నాయనా, గొర్రెలు నావీ కావు, ఈ అమ్మాయివీ కావు, కొండవి అని చెప్పేవాణ్ణి."

"మిసెస్ ఫియరన్ ఏమనేది?"

"ఆ పిల్ల నాకంటే ముందే అనేది. దానికి నోరెక్కువ."

ఈసారి జడ్జి కూడా నవ్వింది. విల్ఫ్ టోపీ వైపు చూసుకుంటూ, "ఇంక కూర్చోవచ్చా అండీ?" అని అడిగాడు.

భోజనాల తరవాత జడ్జి తీర్పు చదివింది. కొండ హక్కు ఉండి, ఆ కొండ తెలిసిన మంద లేకపోతే ఆ హక్కుని వాడుకోలేరని చెప్పింది. ఆ ఇద్దరి స్థానంలో ఉన్న ఏ గొర్రెల మనుషులైనా ఇది అడగనక్కర్లేని సంగతి అనే అనుకుంటారని చెప్పింది. పళ్ళ మాట రాసినది రాసినట్టే ఉంటుంది. నెలవు తెలిసినవాటిలో పళ్ళు బాగున్నవి ఇవ్వాలి. ఆ రెండు మాటలకీ తగువు లేదు. బేరాన్ని మెరుగుపరచడం తన పని కాదు, వాళ్ళు చేసుకున్న బేరం ఏమిటో చెప్పడమే తన పని అంది. గొర్రెల్ని ఎలా మార్చుకుంటారో బయట మాట్లాడుకుని చెప్పమంది.

నడవలో అల్లుడు పెంబర్టన్‌తో ఏదో అంటున్నాడు. విల్ఫ్ వాళ్ళని వదిలి టీ యంత్రం దగ్గరికొచ్చాడు. చిల్లర వేశాడు, మీట నొక్కాడు. యంత్రం కప్పు లేకుండా టీ పోసింది.

"మీరొక్క ఫోను చేసుంటే సరిపోయేది, విల్ఫ్" అంది హేజల్.

"లాయరు ఉత్తరం నువ్వే ముందు పంపావు. ఉత్తరం వచ్చాక ఇంక మనిషితో ఎవరు మాట్లాడతారు?"

"మూడుసార్లు చేశాను. మీ అల్లుడు ఎత్తాడు."

విల్ఫ్ అల్లుడి వైపు తిరిగి చూశాడు. "వాడు చెప్పలేదు" అన్నాడు. తరవాత, "గురువారం రా అమ్మాయ్. పెద్ద లారీ తెచ్చుకో. ఉన్నిలో బురద ఉంటుంది, కడిగి ఇవ్వను."

గురువారం ఉదయం హేజల్, డంకన్, ఫ్లైని కూడా తీసుకుని, టామ్ బెల్ లారీలో కొత్త గొర్రెల్ని ఎక్కించుకుని విగ్టన్ వెళ్ళారు. లారీ ఇస్తూ టామ్ డబ్బు మాట ఎత్తలేదు. తిరిగిచ్చేటప్పుడు కడిగివ్వమన్నాడు.

అల్లుడి పొలంలో గడ్డి మోకాలెత్తు ఉంది. హౌబ్యాంక్ మంద ఆ గడ్డిలో లేదు. దక్షిణపు కంచె పొడవునా నిలబడి ఉంది. ఆ కంచె వెంబడి గడ్డి లేదు. నేలంతా తొక్కి తొక్కి నున్నగా, నల్లగా అయింది. కంచె అవతల పొలాలు, వాటి అవతల మబ్బు కింద కొండలు.

"వచ్చిన రోజు నుంచీ అంతే. రాత్రి పడుకోవడం కూడా అక్కడే" అన్నాడు విల్ఫ్.

డంకన్ కొత్త గొర్రెల్ని దింపాడు. అవి లారీ దిగి గడ్డిలో మొహాలు పెట్టాయి, మళ్ళీ ఎత్తలేదు.

"ఇవి సుఖపడ్డాయి" అన్నాడు డంకన్.

పాత మందని దొడ్డిలోకి తోలి, హేజల్ ఒక్కొక్కదాని కింది పెదవి బొటనవేలితో దించి చూసింది. గడ్డం కింద ఒక చెయ్యి, పెదవి మీద ఒక చెయ్యి. పళ్ళున్నదాన్ని మోకాలితో తోస్తే లారీ వైపు పోతుంది. పళ్ళూడినదాన్ని ఎడమ గేటులోంచి వదిలింది. విల్ఫ్ ఎడమ గేటు పట్టుకున్నాడు. సగం మంద అయ్యాక అడిగాడు.

"వీటినెందుకు వదిలేస్తున్నావు?"

"కాగితంలో ఉంది కదా, విల్ఫ్. పళ్ళు బాగుండాలి. ఇవి నాకొద్దు. మీరే మేపుకోండి."

విల్ఫ్ గేటు వెనక గుమిగూడిన ముసలి గొర్రెల వైపు చూశాడు. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. చలిగా ఉంది.

ఇంకో గొర్రె ఎడమకి పోయింది. విల్ఫ్ దాన్ని పట్టుకుని నోరు తెరిచి చూశాడు.

"దీని పళ్ళు బాగానే ఉన్నాయే. అన్నీ ఉన్నాయి."

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

"నువ్వు కళ్ళజోడు పెట్టుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు."

"అందుకే మర్చిపోయాను."

లారీ నిండాక డంకన్ తలుపు ఎత్తబోయాడు. విల్ఫ్ ఆగమన్నాడు. ముసలివాటిలోంచి ఒకదాన్ని కొమ్ము పట్టుకున్నట్టు చెవుల మధ్య ఉన్ని పట్టుకుని నడిపించుకొచ్చాడు. మొహం తెల్లగా, నడుము వంగి, కింది దవడలో ఒక్క పన్నుతో ఉంది. దాని చెవికి హౌబ్యాంక్ గుర్తుగా రెండు కోతలున్నాయి.

"ఇది ముందు నడుస్తుంది. మంచు పడ్డ రోజు గేటు దాకా దిగే దారి దీనికే తెలుసు" అన్నాడు.

"దానికి పళ్ళు లేవు, విల్ఫ్."

"లేవు. కొట్టంలో దాణా పెట్టు. ఇది కాగితంలో ఉన్నది కాదు, నేనిస్తున్నది. ఎక్కడా రాసుకోకు."

హేజల్ పక్కకి జరిగింది. విల్ఫ్ గొర్రెని లారీ ఎక్కించాడు. తరవాత ఎవరినీ అడక్కుండా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. డంకన్ హేజల్ వైపు చూశాడు.

"నువ్వు మధ్యలో కూర్చో" అంది హేజల్.

దారిలో కొట్టు దగ్గర ఆగి మాంసం కూరిన రొట్టెలు తిన్నారు. విల్ఫ్ తనది సగమే తిని, మిగతా సగం ఫ్లైకి పెట్టాడు. పనికుక్కకి చేత్తో తినిపిస్తే పాడవుతుందని హేజల్ అంది. "నా కుక్కలన్నీ ముప్పై ఏళ్ళు ఇలాగే పాడయ్యాయి" అన్నాడు విల్ఫ్.

హౌబ్యాంక్ చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. లారీని కొండ గేటుకి వెనక్కి ఆనించారు. హేజల్ ఫ్లైని కూర్చోమంది. తలుపు దించగానే ముసలి గొర్రె ముందు దిగింది. మిగతావి దాని వెనకాల దిగాయి. ఏదీ గేటు వైపు తిరిగి చూడలేదు. వాగు దగ్గర ముసల్ది ఆగి నీళ్ళు తాగింది, వరసంతా ఆగింది. తరవాత రెండు రాళ్ళ మధ్య సందులోంచి ఒకదాని వెనక ఒకటిగా పైకి ఎక్కాయి. గేటు మీద మోచేతులు ఆనించి ముగ్గురూ చూశారు.

"అటు ఎడమకి తిరుగుతాయి చూడు" అన్నాడు విల్ఫ్.

ఎడమకి తిరిగాయి.

చీకటి పడేముందు డంకన్ దుర్భిణి పెట్టి చూశాడు. మంద నల్లరాయి కింద, గాలి తగలని వైపు పడుకుని ఉంది. విల్ఫ్ దుర్భిణి అడగలేదు. అవి అక్కడే ఉంటాయని చెప్పి, టీ పెట్టమన్నాడు. ఒకప్పటి తన వంటింట్లో, తన పాత బల్ల దగ్గర, తలుపు వైపు కుర్చీలో కూర్చున్నాడు. అది చుట్టాల కుర్చీ.

శుక్రవారం ఉదయం ఏడు గంటలకి పాలలారీ హౌబ్యాంక్ మలుపు దాటింది. రోడ్డు మీద గొర్రెలు లేవు.